జామకాయల బండి మీద కొడుకు నంబరు

పోచమ్మ నోటికి జడవనివాళ్ళు మా క్యాంపస్‌లో లేరు. జామకాయ నొక్కి చూస్తే తిట్టేది. ఉప్పుకారం ఇంకొంచెం చల్లమంటే తిట్టేది. అయినా పొద్దున్న పదకొండు నుంచి మా హాస్టల్ గేటు ముందు ఆమె బండి చుట్టూ జనమే. సాయంత్రం బండిని తార్నాక మెట్రో మెట్ల దాకా తోసుకుపోయి, మిగిలినవి అక్కడ అమ్మేది. భర్త పోయాక మొదలుపెట్టిన పని, ఇరవై రెండేళ్ళయింది. కొడుకు ప్రేమ్ కుమార్‌ను ఐటీఐ చదివించింది కూడా ఆ బండే.

నా పేరు కరుణ, మాది నంద్యాల. ఇక్కడ భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు నా అంశం. ఆ ఏడు 'క్యాష్' అనే మాట వెంట పడ్డాను. స్థలాల బేరాల్లో నెట్ క్యాష్ అంటారు. పెళ్ళిలో వస్తువుకు బదులు కవర్లో పెట్టేది క్యాష్. ఫలానా నాయకుడు సానుభూతిని క్యాష్ చేసుకున్నాడని పేపర్లు రాస్తాయి. ఇవన్నీ నోట్‌బుక్కులో ఎక్కించుకుంటూ ఓ మధ్యాహ్నం పోచమ్మనూ అడిగాను.

"అవ్వా, నీకు క్యాష్ అంటే ఏమి?"

"గంత సదువుకున్నవ్, గది గూడ తెల్వదా? పైసలంటే ఎవలియన్న కావొచ్చు. క్యాష్ అంటే నా కొంగుల ఉన్నది. ఎవనికి కావాల్నన్నా నన్ను అడగాలె."

మంచి ఉదాహరణ దొరికిందని పొంగిపోయి రాసుకున్నాను. రాసుకోవడమే తప్ప, ఆ ముసలామె ఏం చెప్పిందో నా మొద్దు బుర్రకు ఎక్కలేదు.

ఆ నెలలోనే మా డిపార్ట్‌మెంటు వాళ్ళం నలుగురం చిరువ్యాపారులకు డిజిటల్ సాయమంటూ బయల్దేరాం. పోచమ్మది మీటల ఫోను. బ్యాంకు పాసుబుక్కు ఎక్కడుందో ఆమెకే తెలియదు. కొత్తగా ఖాతా తెరిపించాలంటే రెండు మూడు రోజులు తిరగాలి. అంత ఓపిక మాకెక్కడిది? ప్రేమ్ కుమార్ నంబరు మీద స్కానర్ తీసుకుని బండికి అతికించాం. డబ్బు పడగానే పైకి చెప్పే చిన్న స్పీకరు డబ్బా కూడా పెట్టాం.

"వాని పేరు మీదెందుకే?" అంది పోచమ్మ.

"కొడుకే కదా అవ్వా. యాడికి పోతుంది?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. తర్వాత బండి పక్కన నిలబడి ఫోటో దిగాం.

ఆమె ఉండేది రామంతాపూర్‌లో కొడుకు ఇంట్లో. అక్కడ పడే మాటలు భరించలేక లాలాపేట్‌లో వేరే గది చూసుకుందని మాకు తెలియదు. అడ్వాన్సు ఎనిమిది వేలు. ఒకటో తారీఖు దాకా ఆగుతానంది ఆ ఇంటి ఓనరమ్మ. సగం అప్పటికే కూడింది. మిగతా సగం కూడే సమయానికి మా స్కానర్ వచ్చింది. పిల్లలంతా ఫోన్లు తీశారు. డబ్బంతా కొడుకు ఖాతాలో పడింది. అడిగితే, "తిండి పెడ్తలేనా? నీకు పైసలెందుకు?" అన్నాడట. ఒకటో తారీఖు దాటింది. గది వేరేవాళ్ళకు పోయింది.

ఇదంతా నాకు తెలిసిన రోజు, ఆమె జామకాయలు కోసే కత్తితో స్కానర్‌ను గీకి పారేస్తోంది.

"గీ డబ్బాకు నోరున్నది, చెయ్యి లేదు. పొద్దుందాక అందినయ్, అందినయ్ అని ఒర్లుతది. ఎవలికి అందినయే? చెప్పు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే రామంతాపూర్ వెళ్ళి ప్రేమ్ కుమార్‌ను నిలదీశాను. అతను ఏసీలు బాగుచేస్తాడు. తడబడలేదు సరికదా, నవ్వాడు.

"నేనేమన్న గుంజుకున్ననా మేడమ్? నా నంబర్ పెట్టింది మీరే గదా. ఓటీపీ చెప్పమంటే చెప్పిన. అమ్మ పైసలు నావి కావా?"

వాడి ముఖం మీద ఉమ్మేయాలనిపించింది. కానీ చెప్పిందాంట్లో మొదటి ముక్క అబద్ధం కాదు. వచ్చిన దారినే బస్సెక్కాను.

మర్నాడు నా ఫెలోషిప్‌లోంచి ఎనిమిది వేలు తీసి బండి దగ్గరికి వెళ్ళాను. స్కానర్ లేకపోయేసరికి, ఫోను చేతిలో పట్టుకుని వచ్చిన పిల్లలు వచ్చినట్టే పోతున్నారు. పోచమ్మ వాళ్ళ వీపులకేసి శాపనార్థాలు పెడుతోంది. నోట్లు అందించబోయాను.

"ఏంది గివి?"

"ఇంకో గది చూసుకో అవ్వా. అడ్వాన్సుకు."

ముట్టుకోలేదు. "నువ్విస్తే గది నీ రూమైతది. రేపొచ్చి గీడ పండుకో, గాడ కూసో అంటవ్. నా కొడుక్కు నీకు ఫరకేంది?"

"నేనట్లా అంటానా అవ్వా?"

"కొడుకే కదా అన్నవ్. గప్పుడు నన్ను అడిగినవా?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అవి చూసింది, చూసి మరింత మండిపడింది.

"ఏడ్వకు. నా పైసలు వాని ఫోన్ల ఉన్నయ్. తెస్తే గవి తే. లేకుంటే పక్కకు జరుగు, గిరాకీకి అడ్డమున్నవ్."

పక్కకు జరిగాను. నా వెనకాల గిరాకీ ఎవరూ లేరు.