అతికిన దారం, జారిన పండుగప్ప: మైపాడు ఒడ్డున మా నాయన

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఆదివారమైతే మగ్గం దిగి చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చుంటాడు. ఈమధ్య మా మేనమామ నెల్లూరు వైపు పెళ్లికి వెళ్లొచ్చి, "చెరువులో జిలేబీ చేపలు పట్టేదీ ఒక వేటేనా బావా? పడితే సముద్రంలో పట్టాల" అని వీధిలో అందరి ముందూ ఎగతాళి చేశాడు. నాయనకు రోషం వచ్చింది. "సముద్రానికి పోతా, చేపను పట్టకుండా తిరిగి ఈ ఈదిలో అడుగు పెట్టను" అనేశాడు. అప్పటికి ఆయన సముద్రాన్ని చూసింది కూడా లేదు. హిందూపురంలో ఉన్న నాకు ఫోన్ చేసి, "సెలవు పెడతావామ్మా?" అన్నాడు. ఎగిరి గంతేశాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండ దాటి ధర్మవరంలో దిగేసరికి నాయన గాలం కర్రతో ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. తిరుపతి దాకా ఇంకో రైలు, అక్కడి నుంచి నెల్లూరుకు బస్సు. రాత్రికి బస్టాండు దగ్గర లాడ్జిలో ఎనిమిది వందలకు గది దొరికింది. తెల్లవారగానే మైపాడు బస్సెక్కితే గంటలో ఒడ్డున ఉన్నాం. నాయన నేరుగా అలల్లోకి దిగాడు. తర్వాత దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకకు తగిలించి, "అబ్బా, నిజంగానే ఉప్పమ్మా!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వుకే నా ఖర్చంతా చెల్లిపోయింది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పోలయ్య అనే జాలరిని, వేట ఎలా ఉందని అడిగాం. "మూడు దినాలుగా తూర్పుగాలి పెద్దాయనా. నీళ్లన్నీ కలక. పడవలోళ్లకే సరిగా పడలా. ఈ పొద్దు గాలి తగ్గింది. పోటు మొదలయితే అదో, నల్లగా కనపడతా ఉండాదే, ఆ లోతుకు చేప వస్తాది" అన్నాడు. ఎరకు గుప్పెడు పచ్చి రొయ్యలూ ఇచ్చాడు.

నాయన దారం చెరువుకు సరిపోయేదే. సముద్రానికి చాలలేదు. నాయన పోలయ్య దగ్గర ఇంకో నైలాన్ ముక్క తీసుకుని, బీడీ బూడిద వేళ్లకు అద్దుకుని, రెండు కొసలూ కలిపి చకచకా ఏదో చేశాడు. నీళ్లు ఎక్కుతున్న వేళకు కర్ర ఒక్కసారిగా వంగింది. అలలో వెండిలా మెరిసింది పండుగప్ప, చెయ్యంత పొడుగు! "లాగు నాయనా!" అని నేను కేకలు. అంతలోనే దారం తేలికైపోయింది. చేప, గాలం, సగం దారం సముద్రంలోకి పోయాయి.

పోలయ్య మిగిలిన కొసను పట్టుకుని చూశాడు. "ముడి యాడ పెద్దాయనా?"

"పోగుకు ఎవురైనా ముడేస్తారా అబ్బా? అతికిస్తాం గానీ!"

పోలయ్య ఇసుకలో కూలబడి నవ్వాడు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోతే పాత పోగుకు కొత్త పోగును బూడిద వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. ముడి పడితే చీర చెడుతుంది. పట్టు ఆ మెలిని పట్టుకుంటుంది, నైలాన్ జారిపోతుంది. నాయన ముఖం చిన్నబోయింది. "ఇంగ ఈదిలోకి యాడ పోయేదమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పోలయ్య ఇంకో గాలం ఇచ్చి, ఉమ్ముతో తడిపి బిగించే ముడి నేర్పించాడు. జన్మలో పోగుకు ముడి వేయని ఆ వేళ్లు నాలుగుసార్లు తప్పాయి. ఐదోసారి బిగిసింది. పోటు దాదాపు నిండాక జానెడు గొరక చేప ఒకటి పడింది. నాయన పంచె ఎగ్గట్టి నీళ్లలోనే చిందులేశాడు! పోలయ్య భార్య మామిడికాయ వేసి దాన్ని పులుసు పెట్టింది. నలుగురికీ తలా ఒక ముక్క. అంత రుచి మళ్లీ ఎరగను.

వీధిలోకి రాగానే మామ, "యాడ బావా చేప?" అన్నాడు. నేను ఫోన్లో గొరక ఫొటో చూపించబోతుంటే, నాయన జేబులోంచి ఆ జారిన దారం కొస తీసి అరుగు మీద పెట్టాడు. కొసన మెలి పెట్టిన ఆనవాలు ఇంకా పోలేదు. అందరూ నేతగాళ్లే, ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. మా అవ్వ వంగి చూసి, "ఒరే, అతికినావేంట్రా!" అంది. వీధంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నాయనే. మామ పక్కన కూర్చుని, "ఈసారి నన్నూ తీసకపో బావా" అన్నాడు.

పట్టిన చేపను చూపించకుండా పోగొట్టుకున్న చేపను చూపించిన మనిషి మా నాయన. ఇన్నేళ్లూ ఆయన్ని రోషగాడనే అనుకున్నాను. ఆ రోజు ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను. మీరు వెళితే గాలి తగ్గిన రోజు చూసుకుని, పోటు మొదలయ్యే వేళకు ఒడ్డున ఉండండి. ధర్మవరం వాళ్లయితే, దయచేసి ముడి వేయండి.