సీటుకు అడ్డంపడ్డ గారు

మా మనవరాలికి ఈ దేశంలో మెడికల్ సీటు ఇప్పించింది నేనే. కాలేజీ పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న కప్పులో గావా, అదే అరబ్బుల కాఫీ, పోసి, "మీ అంత పెద్దమనిషి మనవరాలికి కాక ఇంకెవరికి ఇస్తాం" అన్నాడు. సాయంత్రం పార్కులో నాతో నడిచే ముసలివాళ్లకు ఇదే చెప్పాను. రెండు నెలలు నమ్మారు కూడా.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇప్పుడు నిజం చెప్పాలి. ఆ కాలేజీ గేటు లోపల నేను అడుగు పెట్టలేదు. గావా ఎవరూ పోయలేదు. ఆ సీటు ఊడిపోయే దాకా తెచ్చింది మాత్రం అచ్చంగా నేనే.

మేం ఉండేది అబుదాబి దగ్గర మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. నేను, కొడుకు, కోడలు, మనవరాలు. కొడుకు ముసఫాలో ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో సూపర్‌వైజర్. కోడలు నర్సు. కరోనా రోజుల్లో ఆమె డ్యూటీ నుంచి వచ్చి నేరుగా వెనక గదిలోకి పోయేది. పిల్ల గడప దగ్గర పళ్లెం పెట్టి, మూసిన తలుపుకు ఇవతల కూర్చుని తల్లితో మాట్లాడేది. ఇవాళ ఎంతమంది వచ్చారు, ఎంతమంది లేచి నడిచారు అని అడిగేది. డాక్టరు చదువుతాననే మాట ఆ తలుపు దగ్గరే పుట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో ఇంకో ముచ్చట లేదు.

ఆమె పన్నెండో తరగతిలో ఉండగా, నవంబరులో ఒకనాటి సాయంత్రం, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చెప్పింది, అప్లికేషన్లు మొదలయ్యాయని. ఆ కాలేజీవాళ్లు ఆఖరి పరీక్షల దాకా ఆగరట. పదకొండో తరగతి మార్కులు చూసి, వచ్చిన వరసలోనే ఇంటర్వ్యూకు పిలుస్తారట. సీట్లు నిండేదీ ఆ వరసలోనే, ఫీజులో తగ్గింపు ఇచ్చేదీ ఆ వరసలోనే. మేలో రిజల్టు పట్టుకుని పోతే మిగిలింది తీసుకోవాలి, మిగిలితే.

"రిజల్ట్ రాకముందే సీటు అడుగుడేంది బిడ్డా?" అన్నాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది."

"తాతా, ముందుగాల పెడితే కాగితాలల్ల ఏమన్న తప్పున్నా దిద్దుకోవడానికి టైముంటది."

"తప్పెట్లుంటది? నీ కాగితాలన్నీ నేను దగ్గరుండి చేయించినయి!"

ఆమె నా మాట వినకుండా బటన్ నొక్కేసింది. ఆ పిల్ల జీవితంలో చేసిన మంచి పనులన్నీ నా మాట వినకుండా చేసినవే.

నాలుగో రోజు జవాబు వచ్చింది. పాస్‌పోర్టులో పేరు, పదో తరగతి మెమోలో పేరు కలవడం లేదు. రెండూ ఒకే మనిషివని, తేడా ఎందుకు వచ్చిందో చెప్పే ప్రమాణపత్రం పది పనిదినాల్లో పంపాలి. అంతవరకు ఫైలు ఇంటర్వ్యూ వరసలోకి పోదు. పది దాటితే రద్దు. మళ్లీ పెట్టుకోవచ్చు గాని, వరసలో అందరికన్నా వెనక.

తేడా ఏమిటో చెబుతాను, నవ్వుకోండి. మెమోలో మా ఇంటిపేరు, ఆమె పేరు పద్ధతిగా ఉన్నాయి. బడిలో చేర్చినప్పుడు కోడలు రాయించింది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు పెద్దక్షరాలలో 'గారు' అని ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు 'మిస్ గారూ' అని పిలుస్తాడు, ఆమె పోతుంది. ఈ దేశం మొత్తంలో గౌరవాన్ని పాస్‌పోర్టులోనే అచ్చేయించుకుని తిరిగే పిల్ల మా ఇంట్లోనే ఉంది.

ఇది టైపిస్టు తప్పని ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసంటే, నేను చెప్పాను. పిల్ల పుట్టినప్పుడు మేం అజ్మాన్‌లో ఉన్నాం, అద్దె తక్కువని. కొడుకు దూరంగా సైటు మీద ఉన్నాడు. ఆస్పత్రి చీటీ పట్టుకుని, పుట్టిన సర్టిఫికెట్టుకు కావలసిన అర్జీ రాయించడానికి టైపింగ్ సెంటర్‌కు నేనే పోయాను. ఇక్కడ పిల్ల పేరు వెనక తండ్రి పేరు, తాత పేరు కూడా రాస్తారు; ఆ వరసకు 'గారు' తోకతో సర్టిఫికెట్టు వచ్చింది, చివరి మాటే ఇంటిపేరై పాస్‌పోర్టు వచ్చింది. "ఆ మలబారీ టైపిస్టు చెవిటోడు" అని పదిహేడేళ్లు చెప్పుకుంటూ వచ్చాను. దిద్దిద్దామని కొడుకు అన్నప్పుడల్లా, "మొదటినుంచి తవ్వాలె, ఇప్పుడేం అవసరం" అని ఆపింది కూడా నేనే.

ప్రమాణపత్రాలు తీసుకునే సెంటర్‌కు కొడుకు పోతే, కౌంటర్‌లోని ఆమె తప్పు ఎలా జరిగిందని అడిగిందట. టైపిస్టు తప్పని వీడు చెప్పాడు. "అయితే ఆ సెంటర్ నుంచి ఒక ఉత్తరం తెండి. లేదంటే అప్పుడు వివరాలిచ్చిన మనిషిని తెండి" అన్నది. వివరాలిచ్చిన మనిషి ఇంట్లో సోఫా మీద చాయ్ తాగుతున్నాడు. కొడుకు ఆ రెండో మాట పట్టించుకోలేదు. తప్పు చేసినవాడి ఉత్తరమే గట్టి సాక్ష్యమని వాడి లెక్క.

ఫోన్లతో నాలుగైదు రోజులు పోయాయి. ఆ టైపింగ్ సెంటర్ పాత నంబర్లేవీ కలవలేదు. పిల్ల పొద్దున బూట్లు వేసుకుంటూ ఒక్క అంకె చెప్పి బస్సెక్కేది. ఏడు. మరునాడు ఆరు. "తిన్నవా తాతా" లేదు, "పోయొస్త" లేదు. అంకె ఒక్కటే. ఆ అంకె విన్నాక నేను ఇడ్లీ పళ్లెం అలాగే తీసుకుపోయి వంటింట్లో పెట్టేవాణ్ని. ఇది మాత్రం పెంచి రాయడం లేదు.

నాలుగు అన్ననాడు కొడుకు సెలవు పెట్టి నన్ను కారెక్కించుకున్నాడు. "దుకాణం నీకే యాదికుంటది బాపూ, నడువ్" అన్నాడు. అజ్మాన్‌లో నేను వాణ్ని గంటసేపు తిప్పాను. ఈ సందు, కాదు ఆ సందు, పక్కన మీట్ షాపు ఉండేది, కాదు మంగలి షాపు. దుకాణం ఎక్కడో నాకు మొదటి మలుపులోనే తెలుసు. ఇప్పుడది కరక్ చాయ్, పరోటా అమ్మే కెఫెటేరియా. చివరికి అక్కడే ఆపక తప్పలేదు.

పక్కన ఇంకో టైపింగ్ సెంటర్ ఉంది. అందులో ఒక నడివయసు మలయాళీ. కొడుకు మా కథ హిందీలో చెప్పుకున్నాడు. అతను కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆ సెంటర్ ఆయన షార్జాకు పోయాడని విన్నాను. కానీ భాయ్, మేం ప్రింటు తీసే ముందు స్క్రీన్ తిప్పి చూపిస్తాం. మీరు సరే అంటేనే తీస్తాం. చూసింది ఎవరు?" అన్నాడు.

కొడుకు నా వైపు తిరిగాడు. "చూపిచ్చిండా బాపూ?"

"యాదికి లేదు కొడుకా."

యాదికి ఉంది. అక్షరం అక్షరం యాదికి ఉంది. ఆ రోజు స్క్రీన్ మీద నాలుగు పెద్దక్షరాలు కూడబలుక్కుని చదివి, "సహీ హై" అన్నది నేనే.

తిరుగుదారిలో ఫోన్ మోగింది. పిల్ల. స్పీకర్‌లో గొంతు చిన్నగా వచ్చింది.

"దొరికిందా నాన్నా?"

"లేదురా. రేపు షార్జా పోయి ఎంకులాడుతం."

"రేపంటే మూడు."

"అవ్."

"నాతోటి పెట్టినోళ్లకు ఇంటర్వ్యూ మెయిల్స్ ఒస్తున్నయి నాన్నా." ఫోన్ పెట్టేసింది. ఏడ్చి ఉంటే నేను తట్టుకునేవాణ్నేమో. ఏడవలేదు.

కారు రెండు సిగ్నళ్లు దాటింది. మూడో దాని దగ్గర అన్నాను, "షార్జా పోకు కొడుకా."

"ఎందుకు?"

"టైపిస్టు తప్పు కాదు. ఆయన తాత పేరడిగిండు. నేను నా పేరు చెప్పి, వెనుక గారు అన్న."

"నీ పేరుకు నువ్వే గారు పెట్టుకున్నవా?"

"అవ్."

సిగ్నల్ పచ్చబడింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు. కొడుకు కదలలేదు. "స్క్రీన్ చూపిచ్చినప్పుడు?"

"సహీ అన్న."

"పదిహేడేండ్లు ఆ మలబారాయన్ని తిట్టినం గద బాపూ."

"అవ్."

వాడు బండి నడిపి, పెట్రోలు బంకు దగ్గర ఆపి, దిగిపోయి చాలాసేపు అవతలికి తిరిగి నిలబడ్డాడు.

ఇక్కడ, కారణమంతా కన్నీళ్లతో కొడుక్కు వివరించానని రాద్దామనుకున్నాను. వివరించలేదు. కారులో 'అవ్' అనడమే గాని ఇంకో మాట రాలేదు. కారణం మీకు చెబుతాను. అబుదాబి సగం నేను కట్టానని అందరితో అంటుంటాను. నేను సెంట్రింగ్ మేస్త్రీని, చెక్కలు బిగించి, కాంక్రీటు ఆరాక ఊడదీసేవాణ్ని. అన్నేళ్లలో సైటు మీద నా పేరు "ఏయ్ హైదరాబాదీ". మాది జగిత్యాల పక్క, హైదరాబాదులో నేను చూసింది ఎయిర్‌పోర్టు. క్యాంపులో వయసు మళ్లాక "బుడ్డా" అయ్యాను. ఆ టైపిస్టు మాత్రం కుర్చీ చూపించి, "బైఠియే చాచా, ఆప్ కా నామ్?" అన్నాడు. నేను తాతనై అప్పటికి మూడు రోజులు. చల్లటి గదిలో కుర్చీలో కూర్చున్నాను. నోటికి అలా వచ్చేసింది. మన ఊళ్లో ఎవడైనా తన పేరుకు తానే గారు తగిలించుకుంటే పడీపడీ నవ్వుతారు. అక్కడ నవ్వేవాడు ఎవడూ లేడు.

ఇంటికి పోయేసరికి పిల్ల హాల్లో నిలబడే ఉంది. కొడుకు చెప్పాడు. కోడలు, "ఎంత పని చేసినవ్ మామా" అని అక్కడే కూలబడింది. పిల్ల నన్ను చూసి, "పేరు సంగతి నాకేం లేదు తాతా. నేను ముందు పెట్టి సంపాదించుకున్న పది రోజులల్ల ఏడు తిన్నవ్" అంది. తలుపు వేసుకుంది. కొట్టినట్టు కాదు, మెల్లగా. అదే భయమేసింది.

మరునాడు కౌంటర్ దగ్గర నా ముందు నాలుగు వందలమంది ఉన్నారు. సరే, పద్నాలుగు. నా వంతు రాగానే లోపలామె నా వాంగ్మూలం చదివి తలెత్తింది.

"గారూ మత్లబ్ క్యా హై, చాచా?"

"జీ అన్నట్టు మేడమ్. సాహెబ్ అన్నట్టు."

"ఎవరన్నారు మిమ్మల్ని?"

"నేనే."

ఆమె పెదవి కొరుక్కుంది. పక్క కౌంటర్ అతన్ని పిలిచి చూపించింది. వాళ్లిద్దరూ నవ్వుతుంటే నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను, వెనక నా కొడుకు కూడా వింటున్నాడు. 'ఇది ఇంటిపేరు కాదు, మర్యాదమాట, వివరాలిచ్చిన నేనే నా పేరుకు చేర్చాను' అన్న వాక్యం కింద సంతకం పెట్టమంది. మొదటి సంతకం గీత దాటి పోయింది. రెండోసారి పెట్టించింది. ముద్ర పడిన కాగితం మరునాడు చేతికొచ్చింది. ఆ మధ్యాహ్నమే పంపించారు. ఇంకొక్క రోజు మిగిలింది.

ఆ తర్వాత పదకొండు రోజులు కాలేజీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. పిల్ల నాతో మాట్లాడలేదు. అన్నం పెడుతుంది, మందులు తెచ్చి పక్కన పెడుతుంది, మాట లేదు. పన్నెండోనాడు ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది. మొదటి జట్టులోనే, చివరి పేరు. మరో రెండు వారాలకు, పరీక్షల్లో వాళ్లడిగిన మార్కులు వస్తే సీటు ఖాయమన్న ఉత్తరం వచ్చింది. కొడుకు దాన్ని బయటికి రెండుసార్లు చదివాడు.

పార్కులో మనవళ్లున్న ముసలివాళ్లకు ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. ఎప్పుడు తెరిస్తే అప్పుడే పెట్టించండయ్యా. పిల్లల మార్కులు ఎలాగూ వాళ్లు తెచ్చుకుంటారు. మనం బీరువాలో దాచిన తప్పులు బయటపడటానికి, వాటికి సంతకం పెట్టే ధైర్యం మనకు రావడానికి టైం పడుతుంది. నా మాట విని మే దాకా ఆగి ఉంటే, ఆ జవాబు మేలో వచ్చేది, దిద్దుకున్న కాగితం చేతికొచ్చేసరికి సీట్లు ఖలాస్. ఆ ఏడాదైతే అంతదాకా కూడా రాలేదు, మేకు ముందే వాళ్లు తలుపులు మూసేశారు.

ఉత్తరం వచ్చిన మరునాటి సాయంత్రం పిల్ల గదిలో ఫిజిక్స్ చదువుకుంటోంది. తలుపు తెరిచే పెట్టుకుంది, నాతో మాట మాత్రం ఇంకా లేదు. నేను హాల్లో టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి, వార్తలు చదివేవాళ్ల మూతులు చూస్తూ కూర్చున్నాను.

"సౌండ్ పెట్టుకో తాతా," లోపలి నుంచి వినిపించింది. "నాకేం కాదు."

రిమోట్ చేతిలోనే ఉంది. ఏ బటనో కాసేపు తెలియలేదు.