ఎడ్నా పచ్చికా, విల్ఫ్ చప్పట్లూ

నార్ఫోక్ ప్రాంతంలోని ఐల్‌షమ్ ఊళ్లో ఎడ్నా థర్టిల్ ముప్పై ఏళ్లు బడిపిల్లలకు వండి పెట్టింది. రిటైరయ్యాక వంటింటి శ్రద్ధంతా ఇంటి ముందు పచ్చిక మీదికి మళ్లింది. ఆ ఏప్రిల్‌లో దాని నిండా పసుపు మచ్చలు లేచాయి. మట్టి గిల్లి చూస్తే బూడిదరంగు పురుగులు. పొడుగుకాళ్ల ఈగల పిల్లలు, గడ్డి వేళ్లు కొరికేస్తున్నాయి.

"మందు కొట్టనంటావు. మే నెలాఖరుకల్లా పచ్చబడకపోతే కంకర పోయించేస్తానమ్మా," అంది కూతురు జిలియన్.

ఎడ్నాకు తెలిసిన వైద్యం ఒకటే. సాయంత్రం పచ్చిక నానేలా తడిపి, నల్ల టార్పాలిన్ కప్పేది. తెల్లారి తీస్తే పురుగులు పైకి తేలి ఉండేవి. మిగతా పని గోరింకలది.

అవి వాలగానే పక్కింటి విల్ఫ్ ఆక్రాయిడ్ గోడ మీంచి చప్పట్లు కొట్టేవాడు. యార్క్‌షైర్ నుంచి వచ్చి స్థిరపడిన మాజీ బస్సు డ్రైవరు. పక్షులు పచ్చికను పొడిచేస్తున్నాయని అతని బాధ. అవి ఎగిరిపోయేవి, పురుగులు మళ్లీ మట్టిలోకి దిగేవి.

"మీరెంత మంచివారండీ, విల్ఫ్," అంది ఎడ్నా. ఆమె పుట్టిపెరిగిన నార్ఫోక్ వైపు ఆ మాటకు 'ఇక ఆపండి' అని అర్థం. విల్ఫ్ వాళ్ల యార్క్‌షైర్ వైపు మంచివారంటే మంచివారే. మర్నాడు ఇంకా గట్టిగా మోగించడానికి పళ్లెం, గరిటె తెచ్చుకున్నాడు.

"మీకెందుకండీ శ్రమ?"

"శ్రమేముంది! పొద్దున్నే లేవడం నాకు అలవాటేగా."

మూడోసారి, "మీ ఓపికే ఓపికండీ," అంటూ కేకు ఇచ్చి వచ్చింది. ఆ ఉత్సాహంలో అతను ఇంకో అరగంట ముందే లేచాడు.

మే సగానికి మచ్చలు గుమ్మం దాకా వచ్చాయి. ఎడ్నా రాత్రి గౌనుతోనే బయటికొచ్చింది.

"విల్ఫ్! ఆ గరిటె ఇలా ఇయ్యి. అవి తినేది పురుగుల్ని, గడ్డిని కాదు. నువ్వు తరుముతున్నది నా డాక్టర్లనయ్యా!"

"మరి చెప్పొచ్చుగా?"

"మూడుసార్లు చెప్పాను!"

"మూడుసార్లు మెచ్చుకున్నావు. పైగా కేకు పెట్టావు."

మర్నాటి నుంచి ఇద్దరూ కిటికీ వెనక కదలకుండా టీ తాగారు. గోరింకలు కడుపారా తిన్నాయి. అవి పొడిచిన చిల్లుల్లో ఎడ్నా గడ్డి విత్తనాలు చల్లింది.

నెలాఖరున జిలియన్ వచ్చి, వంగి చూసింది.

"సగమే పచ్చబడిందమ్మా."

"పచ్చబడాలన్నావు. ఎంతని చెప్పావా?"

"చెప్పలేదు," అన్నాడు గోడ అవతలి నుంచి విల్ఫ్.

జిలియన్ నవ్వాపుకుంటూ ఫోన్ తీసి, కంకర మనిషిని రావద్దంది.