జిప్పులక్క బాత్రూం తలుపు

వీధిలో అందరూ ఆమెను జిప్పులక్క అనేవారు. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని తెగిన జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, బడి సంచుల పట్టీలు తిరిగి కుట్టడం ఆమె పని. సాయంత్రానికి ఇస్తానంటే సాయంత్రానికి ఇచ్చేది. అలాంటి మనిషికి, ఏ పనీ చివరిదాకా తేల్చని మొగుడు దొరికాడు.

ఆయన నీటి బిల్లుల ఆఫీసులో గుమాస్తా. మంచివాడు. మాట కటువుగా ఉండదు, చెడు అలవాట్లు లేవు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి, ఇంట్లో ఏది పాడైనా తనే బాగుచేయాలని. ఫోనులో వీడియోలు చూసేవాడు, పనిముట్లు కొనేవాడు, ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి పాడైన వస్తువును విప్పేవాడు. విప్పడం వరకూ ఆయన చేతులు చూడముచ్చటగా ఉండేవి. తర్వాత ఏదో ఒకటి తక్కువయ్యేది. సరైన సైజు దొరకలేదనో, వెలుతురు చాలడం లేదనో, వచ్చే ఆదివారం చూద్దామనో అనేవాడు. అలా పడగ్గదిలో స్విచ్చుబోర్డు తీగల మీద వేలాడుతూ ఉండిపోయింది. వరండా గోడ సగం గీకి ఉండిపోయింది. కిటికీ రెక్క మంచం కిందికి చేరింది.

వీటన్నిటినీ ఎలాగో ఓర్చుకున్న జిప్పులక్క, బాత్రూం తలుపు దగ్గరికి వచ్చేసరికి ఓర్చుకోలేకపోయింది.

వానల్లో ఆ తలుపు బిగుసుకుపోయి, మూయాలంటే భుజంతో తొయ్యాల్సి వచ్చేది. ఆయన దాన్ని ఊడదీసి పై అంచుకి, గడియ వైపు అంచుకి చిత్రిక పట్టాడు. ఇల్లంతా పొట్టు. అత్తగారు తన మంచినీళ్ల చెంబులో కూడా పొట్టు తేలిందని రెండు పూటలా చెప్పింది. తర్వాత తలుపు గోడకి ఆనించి అలాగే ఉండిపోయింది. దాని స్థానంలో జిప్పులక్క పాత రెయిన్‌కోట్లు రెండు కలిపి తెర కుట్టి కట్టింది. ఇక ఆ ఇంట్లో స్నానానికి వెళ్లినవాళ్లు లోపల ఉన్నట్టు తెలిసేలా ఏదో ఒక చప్పుడు చేయాలి. ఆయన దగ్గేవాడు. అత్తగారు తన పుట్టింటి వాళ్ల పేర్లన్నీ గట్టిగా వల్లించేది. జిప్పులక్కకి మాత్రం ఏ చప్పుడూ చేయబుద్ధి కాక, తెర అంచు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గబగబా నీళ్లు పోసుకుని బయటపడేది. ఇంట్లో తనకంటూ మిగిలిన ఆ పది నిమిషాలూ పోయాయని లోలోపల కుతకుతలాడేది.

ఒకసారి ఆయనకి చెప్పకుండా వడ్రంగిని పిలిపించింది. అతను తలుపును అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని ఎవరు ఇలా కొరికారని నవ్వాడు. ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖం మాడిపోయింది. తానే చేసుకుంటానని చెప్పి అతన్ని పంపేశాడు. తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా ఆ వడ్రంగి మళ్లీ రాలేదు.

అప్పుడు ఆయన అక్కగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆమెకి మోకాలి ఆపరేషను అయింది, కాస్త నడక వచ్చేదాకా తల్లి దగ్గర ఉంటానంది. సంతోషంగా రమ్మన్నాడు తమ్ముడు. ఫోను పెట్టేశాక జిప్పులక్క అడిగింది.

"వదిన వాకర్ పట్టుకుని లోపలికి వెళ్తుంది. మరి తెర ఎవరు పట్టుకుంటారండీ?"

"ఆదివారం బిగించేస్తాను."

"ఏ ఆదివారం?"

ఆయన పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు చూసేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్లగానే మిషను మీద గుడ్డ కప్పేసి, తలుపును వరండాలోకి ఈడ్చుకొచ్చింది. కుర్చీల మీద అడ్డంగా పడుకోబెట్టి చూస్తే, కింది అంచుకి రంగన్నదే లేదు. పచ్చి చెక్క. బాత్రూంలో పారిన నీళ్లన్నీ ఇన్నేళ్లుగా అక్కడి నుంచే పీల్చుకుంటోంది. ఇన్ని నెలలు ఆరాక ఇప్పుడు ఉబ్బు లేదు. అంటే చిత్రిక పట్టకుండా ఆరబెట్టి, ఆ అంచుకి రంగు పూసినా సగం పని అయిపోయేది. ఆ మాట తోచాక ఆమెకి రంపం అందుకోవాలనిపించింది, తలుపు మీదికి కాదు. చివరికి శాండ్‌పేపర్‌తో అంచు రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, రంగు పూసింది. ఆ పూత బాగా ఆరాక మరో పూత వేసి, అదీ ఆరాక ఆయన వచ్చేలోగా తలుపును ఎప్పటిలా గోడకి ఆనించేసింది.

మరుసటి రోజు తలుపు నిలబెట్టింది. తలుపును ద్వారబంధానికి పట్టి ఉంచే బందుల్లోంచి పాత స్క్రూలనే పాత బెజ్జాల్లోకి బిగించబోతే, ఎంత తిప్పినా ఊరికే తిరుగుతాయి తప్ప పట్టు దొరకడం లేదు. పై బందు దగ్గర ద్వారబంధంలో బెజ్జాలు స్క్రూలకి రెట్టింపు వెడల్పయ్యాయి. పట్టి ఉంచమని అత్తగారికి చెప్పింది. ఆమె రెండు చేతులూ ఆనించింది కానీ, బరువు ఆగలేదు. తలుపు ఒరిగి, గోడను బరుక్కుంటూ వచ్చి జిప్పులక్క కాలి బొటనవేలి మీద కూర్చుంది.

ఆమె స్క్రూడ్రైవరును నీళ్ల బకెట్లోకి విసిరికొట్టి, తడి గచ్చు మీదే కూలబడింది. ఏడుపు రాలేదు. వచ్చిందల్లా కోపం. తలుపు మీద కోపం, బెజ్జాల మీద కోపం, ఆదివారాల మీద కోపం. ఒరిగిన తలుపును అలా తేరిపార చూస్తుండగా అసలు సంగతి తట్టింది. ఇది మొదటి నుంచీ ఒరిగే ఉంది. పై బందు వదులై గడియ వైపు కిందికి జారడం వల్లే పైమూల ద్వారబంధానికి రాసుకునేది. గడియ వైపు పట్టుకుని ఒక్కసారి పైకి ఎత్తి చూసి ఉంటే, బందు ఊగడం ఎవరికైనా తెలిసిపోయేది. బెజ్జాలు పూడిస్తే పోయేదానికి తలుపునే చెక్కి పారేశారు.

"కాసేపు కూర్చో అమ్మాయ్," అంది అత్తగారు. "వాడు చిన్నప్పుడు మా గడియారం విప్పాడు. దాని ముళ్లు నా పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి."

జిప్పులక్క కూర్చోలేదు. లేచి అగ్గిపుల్లల తలలు విరిచి, పుల్లలను చెక్క జిగురులో ముంచి, బెజ్జాల నిండా దట్టంగా కూరింది. పైకి పొడుచుకొచ్చిన వాటిని బ్లేడుతో కోసేసింది. వెంటనే బిగించేయాలని చేతులు లాగాయి గానీ, జిగురు ఆరనిదే పట్టదని తనను తాను ఆపుకుంది.

సాయంత్రం ఆయన వచ్చి, పూడ్చిన బెజ్జాలనూ రంగు పూసిన అంచునూ చూసి, చొక్కా కూడా విప్పకుండా నిలబడిపోయాడు.

"నేను చేస్తానన్నాను కదా."

"అన్నారు. చాలాసార్లు అన్నారు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. విప్పడం అంత బాగా వచ్చే మనిషికి బిగించడం ఎందుకు రాదో నాకు అర్థం కాదు. నిజంగా అడుగుతున్నాను, చెప్పండి."

ఆయన రంగు పూసిన అంచును వేలితో తడిమాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు.

"బిగించాక బాగా లేకపోతే అందరికీ కనిపిస్తుంది. సగంలో ఉన్నంతసేపూ ఇంకా అవుతోందనుకుంటారు."

ఆమెకి జాలి వేసింది. జాలితోపాటు కోపం కూడా ఉంది, అదేమీ తగ్గలేదు. మీ పరువు కోసం మేమందరం తెర వెనక స్నానాలు చేశామా అని అడిగేసింది.

ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడు ఆయన ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని ఫోను చేశాడు. తలుపు కింద పలచని చెక్కముక్కలు దోపి, దాన్ని సరైన ఎత్తులో పట్టి నిలబెట్టాడు. ఆమె ముందు పై బందుకి, తర్వాత కింది బందుకి స్క్రూలు బిగించింది. ఈసారి కర్రుమంటూ పట్టాయి. ఎక్కడైనా రాసుకుంటోందేమోనని బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తెచ్చి ద్వారబంధం అంచంతా రుద్ది, తలుపు మూసి తీసింది. కింద ఒక్కచోట బెత్తెడు మేర సుద్ద అంటింది. అక్కడ మాత్రమే శాండ్‌పేపర్ పట్టి, ఆ చోట మళ్లీ రంగు అద్దింది.

అంతా అయ్యాక గడియ వేయబోతే, అది దూరాల్సిన రేకు వేలెడు కిందికి ఉంది. తలుపు ఒరిగి ఉన్నప్పుడు కొట్టిన రేకు అది. ఆయన వెంటనే బందుల వైపు చెయ్యి చాచాడు.

"మళ్లీ విప్పుతాను, కాస్త..."

"తలుపు ముట్టుకున్నారంటే ఊరుకోను. రేకు ఒక్కటే తీసి పైకి కొట్టండి."

ఆయన కొట్టాడు. గడియ పడింది. పైమూలన, చిత్రిక ఎక్కువ పట్టిన చోట, వేలు దూరేంత సందు మాత్రం ఉండిపోయింది. దానికేం చేయలేకపోయారు.

అక్కగారు దిగిన రోజు వాకర్ టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. బయటికి రాగానే, ఒరేయ్ తమ్ముడూ ఆ పైన సందేమిట్రా, వెలుతురు వస్తోంది అంది. జిప్పులక్క మిషను తొక్కడం ఆపి చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అది తను ఎక్కువ చెక్కడం వల్ల వచ్చిందని చెప్పి, వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాడు. అక్కగారు దాన్ని అంతటితో మరిచిపోయింది.

మారిపోయాడనుకుంటే పొరపాటు. స్విచ్చుబోర్డు సంగతి తేలడానికి మరో నెల పట్టింది, అదీ ఆమె రోజూ పోరితే. కరెంటు పని గనక చివరికి ఎలక్ట్రీషియన్నే పిలిచారు. గోడ ఇంకా సగం గీకే ఉంది. అయితే వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టినప్పుడు, ఆయన మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయి విప్పి, అదే పూట తిరిగి బిగించాడు. ఆమె వెళ్లేసరికి దాని ముందు నిలబడి ఉన్నాడు.

"ఇంకా కారుతోంది, చూడు," అన్నాడు తనే.

"లోపల వాషరు సరిగ్గా కూర్చోలేదేమో. మళ్లీ తీసి చూడండి," అని, విసుగ్గా వెనక్కి తిరిగి, ఎవరిదో చొక్కాకి మిగిలిన గుండీలు కుట్టడానికి వెళ్లిపోయింది.