సందుల్లో నాన్న దట్టించిన ఎపాక్సీ

హ్యాంక్ పోయాడని నాకు మొదట చెప్పింది, పడవల రేవులో పరిచయమైన సుధ ఆంటీ. చిన్నప్పుడు హ్యాంక్ అంటే నాకు ఒళ్ళుమంట.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ ఇంట్లోనే చదువు చెప్పేది కాబట్టి, నాన్నకు సెలవైతే నాకూ సెలవే. అమెరికాలో మేముండే డబ్లిన్ ఊరి నుంచి పెటలూమా నది ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. అక్కడ నాన్న ఒక పాత చెక్క తెరచాప పడవను బాగుచేస్తున్నాడు. గట్టుమీద ఎండిన పలకల మధ్య సందులు పడితే, వాటి నిండా రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురు దట్టించాడు.

పక్క పడవ ముసలి హ్యాంక్ అది చూసి, "ఇదేమన్నా సాఫ్ట్‌వేరా, ప్యాచ్ వేసి పోవడానికి? పీకెయ్!" అని అరిచాడు.

"మీ పని మీరు చూసుకోండి," అన్నాడు నాన్న.

నాన్న కాఫీకి వెళ్ళగానే హ్యాంక్ ఉలి తెచ్చి మా పడవ సందులు తవ్వడం మొదలుపెట్టాడు.

"డాడీ! మన బోట్ బ్రేక్ చేస్తున్నాడు!" అని కేక పెట్టాను. నాన్న పరుగున వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"చెక్క నీళ్ళలో ఉబ్బుతుంది. ఉబ్బే చోటు లేకపోతే లోపలి చట్రం విరుగుతుంది. నది మధ్యలో ఈ పిల్లనెలా కాపాడుకుంటావ్?" అని కసిరాడు హ్యాంక్.

నాన్న చొక్కా వదిలాడు గానీ థాంక్స్ చెప్పలేదు. మిగతాది తనే తవ్వి, దూది కూరి, మెత్తని పుట్టీ పెట్టాడు. నేనైతే పూజలో కూర్చుని, హ్యాంక్ పడవ మునిగిపోవాలని మొక్కుకున్నాను.

దేవుడు ఆ మొక్కు వినలేదు, ఆయన దయ. సముద్రపు ఆటుపోట్లు చూసుకుంటూ, పడవ చట్రం చెక్కుచెదరకుండా ఆరేళ్ళు ఆ నదిలో తిరిగాం. హ్యాంక్ ఎదురైతే మాత్రం ముఖం తిప్పుకునేవాళ్ళం.

ఇప్పుడు వెళ్ళి ఆ థాంక్స్ చెప్పడానికి ఆయన లేడు. మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు హ్యాంక్‌ను ఒక్కసారి తలుచుకోండి.