నా పొట్ట, అక్క మొక్కు

మా అక్క నెల రోజుల నుంచి నెత్తి మీది కొంగు తీస్తలేదు. దానికి కారణం నా పొట్ట. నవ్వకుండ్రి. చాయ్ తాగుకుంట ఇనుండ్రి, తప్పంత నాదే.

నాకు నలభై ఏడేండ్లు. సూర్యాపేటల గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ను. ఇద్దరు పిల్లలూ ఆపరేషన్ మీదనే పుట్టిన్రు. పోయినేడు పొద్దున సాయంత్రం నడిచి, రాత్రి అన్నం మానేసి పన్నెండు కిలోలు తగ్గిన. బరువు పోయింది గానీ తోలు పోలే. పొట్ట కింద మడతబడి వేలాడుతది. ఒకరోజు బస్సుల ఒక కాలేజీ పిల్ల లేచి, "కూసోండి ఆంటీ, ఎన్నో నెల?" అన్నది. కూసున్న. దిగేదాక కిటికీల నుంచే సూసిన.

ఇగ ఏదో ఒకటి చేపిచ్చుకోవాల్సిందే అనుకున్న. సూర్యాపేటల ఏ క్లినిక్‌కు పోయినా నా స్టూడెంటో, వాళ్ల అమ్మనో ఎదురైతది. అందుకే మిర్యాలగూడ పోయిన. ఇంట్ల ట్రైనింగ్ ఉన్నదని చెప్పిన. కింద పెద్ద దవాఖాన, పైన రెండో అంతస్తుల స్కిన్ క్లినిక్.

డాక్టరమ్మ నిదానంగ చెప్పింది. చల్లటి మిషన్ పెడితే కొవ్వు కొంత తగ్గుతది, తోలు మాత్రం అట్లనే ఉంటది. వేడి మిషన్‌తోని తోలు కొంచెం బిగుసుకుంటది, కానీ నాది మరీ వదులైంది. ఎక్కువైన తోలు కోసి కుట్లేస్తేనే ఫలితం కనబడతది. అదేమో పెద్ద ఆపరేషన్, వారాల తరబడి రెస్ట్. "తొందరేం లేదు, ఇంట్ల మాట్లాడుకొని రండి" అన్నది. అసలు ఇంట్లనే చెప్పకపోతిని, ఏం మాట్లాడాలె? భయం లేనిది నాకు పనిచెయ్యదు, పనిచేసేదంటే నాకు భయం. ఫైల్ చేతిల పట్టుకొని, మొహం వేలాడేసుకొని మెట్లు దిగిన.

కింద మా బావ నిలబడి ఉన్నడు. కోదాడల ఉండే మా అక్క మొగుడు. రైస్ మిల్లుకు వడ్లు తెచ్చి, దవాఖాన ముందట మెడికల్ షాపుల తలనొప్పి గోళీ కొంటున్నడు.

"ఏంటి సుజాతా, ఇక్కడున్నావ్?"

కొవ్వు తీపిచ్చుకుందామని వచ్చిన అని బావకెట్ల చెప్తం? నోటికొచ్చింది అనేసిన. "ఏం లేదు బావా, కడుపుల చిన్న గడ్డ. ఎవ్వరికీ చెప్పకు."

బావ మొహం పాలిపోయింది. అప్పుడుగానీ నాకు మా అమ్మ యాదికి రాలే. అమ్మ కడుపుల గడ్డతోనే పోయింది. ఆరు నెలలు మంచంల ఉంటే ఒళ్లు తుడిచి, గంజి తాపింది అక్కనే. నేను బీఈడీ చదువుకుంట సెలవులకు వచ్చి పోయేదాన్ని. బావ అక్కకు చెప్పకుండ ఉండడు. అక్కకు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాలనుకున్న, సిగ్గయింది. రేపు చెప్తం, ఎల్లుండి చెప్తం అని నాలుగు రోజులు గడిపిన. ఒకసారి ధైర్యం చేసి ఫోన్ కొడితే అక్క ఎత్తలే. నిజం చెప్తున్న, అప్పుడు నాకు పాణం హాయిగనే అనిపించింది.

ఐదో రోజు పొద్దుగాల తలుపు తీస్తే అక్క. ఒక చేతిల బ్రెడ్డు, దానిమ్మ పండ్లు. ఇంకో చేతిల ప్రసాదం. నన్ను వాటేసుకునేసరికి నెత్తి మీది కొంగు జారింది.

గుండు.

మా అక్క జడ మీరు సూడలే. కూసుంటే కుర్చీ కిందికి దిగేది. కోదాడల ఏ పెండ్లికి పోయినా ముందు జడ సంగతి అడిగి, తర్వాత ఆమె సంగతి అడిగేటోళ్లు. యాభై రెండేండ్లొచ్చినా ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

"మట్టపల్లి స్వామికి మొక్కుకున్నానే. నయమయ్యేదాకా ఆగలేక ముందే ఇచ్చేశాను" అన్నది అక్క. "అమ్మప్పుడే మొక్కుకోవాల్సింది. జుట్టు మీద ఆశతో మొక్కలేదు. అమ్మ పోయింది. నిన్ను కూడా పోనిస్తానా? రిపోర్ట్ ఏమొచ్చింది?"

మా ఆయన లోపలి నుంచి "ఏం రిపోర్ట్?" అనుకుంట వచ్చిండు. ఇద్దరి ముందట కూసొని మొత్తం చెప్పిన. బస్సుల పిల్ల, చల్లటి మిషన్, వేడి మిషన్, బావకు చెప్పిన అబద్ధం, అన్నీ. ఏడుపొచ్చింది, ఏడ్సిన. "గడ్డ లేదక్కా. కొవ్వు."

అక్క చెయ్యి చాపి, అంగట్ల సొరకాయ పట్టి సూసినట్టు నా పొట్ట మడత పట్టి సూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"లోపల ఏం లేదుగా?"

"ఏం లేదు."

కండ్లు తుడుచుకున్నది. "అయితే మొక్కు తీరినట్టే" అని దానిమ్మ పండు ఒలవబట్టింది. తిట్టలే. తిడితే నాకు జర నిమ్మళం అయ్యేది.

నాకు ఆగబుద్ధి కాలే. "అక్కా, నీ జుట్టు మళ్ల నడుము దాక వచ్చేదాక నేను ఏ మిషన్ దగ్గరికీ పోను. ఈ పొట్టను గిట్లనే మోస్త. ఇది నా మొక్కు" అన్న. చాలా గంభీరంగనే అన్న.

అక్క దానిమ్మ గింజలు నా చేతిల పోసింది.

"దానికి మొక్కెందుకే? మొక్కకపోయినా అదెక్కడికి పోతుంది?"