నికనోర్ రాసిన ఎర్రర్

శాంటా ఎలోయిసా చక్కెర మిల్లు మూతబడి పదిహేనేళ్లయింది. యంత్రాలు పాత ఇనుము కింద పోయాయి, పొగగొట్టం ఒక్కటే మిగిలింది. మిల్లు బేస్‌బాల్ జట్టు మాత్రం ఇప్పటికీ రోజూ ఆడుతూనే ఉంది. కాకపోతే మైదానంలో కాదు, పార్కులో, ముసలివాళ్ల నోళ్లలో.

పొద్దున కాఫీలు తాగడమే ఆలస్యం, మూల బెంచీల దగ్గర గొడవ మొదలవుతుంది. మిల్లు జట్టులో మొనగాడు బ్యాటర్ ఎవరు? కొత్తవాడెవడైనా వింటే తలలు పగులుతాయని భయపడతాడు. అక్కడి కట్టుబాటు ఒకటే: కళ్లతో చూడని ఆటగాడి గురించి నోరెత్తకూడదు. మా నాన్న చెప్పాడు, మా తాత చెప్పాడు అంటే కుదరదు.

గొడవ ఎంత ముదిరినా చివరి మాట నికనోర్ బస్సోది. డెబ్భై ఎనిమిదేళ్ల బక్కమనిషి. వారమంతా మిల్లు కాటా దగ్గర చెరకు బళ్లు తూచేవాడు, ఆదివారాలు ఆట స్కోరు రాసేవాడు. ఆ స్కోరు పుస్తకాలు తుఫానుకి తడిసి ముద్దయిపోయాయి గానీ ఆయన బుర్రలో ఒక్క అంకె చెరగలేదు. "నికనోర్ చెప్పాడంటే ఇక తిరుగు లేదు" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన తల దించుకునేవాడు. ఎందుకంటే ఆ అంకెల్లో ఒకటి అబద్ధమని ఆయన ఒక్కడికే తెలుసు.

నికనోర్ అన్న అర్సేనియో ఒక సీజన్‌లో మూడు వందల తొంభై ఎనిమిది కొట్టాడు. అంటే వెయ్యిసార్లు బ్యాటు పడితే అన్ని హిట్లు పడే లెక్క. మిల్లు చరిత్రలో దాన్ని దాటినవాడు లేడు. ఆ తర్వాత బాయిలర్ పేలి అర్సేనియో పోయాడు. వాళ్లమ్మ వంటింటి గోడ మీద సుద్దతో ఆ అంకె రాసుకుని, రోజూ దాని ముందే అన్నం వండేది. తను మాత్రం తినేది కాదు. ఎవరైనా బతిమాలితే రెండు ముద్దలు.

మూడేళ్లకి ఎలాదియో కియాలా అని చెరకు కొట్టే కుర్రవాడు వచ్చాడు. గాలికి ఊగేంత సన్నటి మనిషి, బ్యాటు పట్టాడంటే పులి. సీజన్ ఆఖరి ఆటలో ఆఖరి బంతి. దానికి హిట్ పడితే సరిగ్గా నాలుగు వందలు. ఎలాదియో బంతిని నేలబారుగా బాదాడు. అది రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య కాచుకున్న ఎదుటి జట్టు కుర్రవాడు రమీరో చేతికే వస్తున్నదల్లా రాయికి తగిలి ఎగిరింది, అతని భుజం మీద కొట్టుకుని పక్కకి పడింది. ఎవడూ పట్టలేని బంతి. హిట్ అని రాయాలి. నికనోర్ పెన్సిల్ మాత్రం రమీరో పేరు ఎదుట 'ఎర్రర్' అని, అంటే చేతికొచ్చిన బంతి వదిలేశాడని రాసింది. ఎలాదియో మూడు వందల తొంభై ఐదు దగ్గర ఆగిపోయాడు. ఆ సాయంత్రం అమ్మ కడుపునిండా తిన్నది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఈ వసంతంలో ఎలాదియో కూడా పోయాడు. మైదానం గోడకి సున్నం వేసి, దాని మీద ఒక్క పేరు, మొనగాడి పేరు రాయాలని ఊరివాళ్లు అనుకున్నారు. ఆదివారం పార్కులో ఓటు. ఎవరి వైపున్నవాళ్లు వాళ్ల పేరు రాగానే టోపీ ఎత్తాలి.

మంగలి చిచో గొంతు సవరించుకున్నాడు. "అర్సేనియోకి మూడు తొంభై ఎనిమిది. ఎలాదియోకి మూడు తొంభై ఐదు. అంకె అంకేరా బాబూ! ఇంకా ఏం మాట్లాడతారు?"

"నేను మాట్లాడతాను," అంటూ నికనోర్ లేచాడు.

"నువ్వా? సొంత అన్నకి ఓటు అడగడానికి సిగ్గు లేదూ, ముసలోడా!" అన్నాడు చిచో. అందరూ నవ్వారు.

"అన్న కోసం కాదు. ఆఖరి బంతి హిట్. నేనే ఎర్రర్ రాశాను. మా అన్న అంకె నిలబడాలని, అమ్మ మొహం చూసి రాశాను. ఎలాదియోది నాలుగు వందలు."

పార్కంతా గొల్లుమంది. తిట్టినవాళ్లు తిట్టారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు. "సొంత అన్నని ముంచావు కదరా!" అని చిచో నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత ఎలాదియో పేరుకి టోపీలన్నీ ఒక్కసారిగా లేచాయి. నికనోర్‌కి ఛాతీ మీంచి బండ దించినట్టయింది. బతికుండగానే చెప్పేశాను, ఇక చాలు, అనుకున్నాడు.

పక్కనే ఒక్క టోపీ మాత్రం లేవలేదు. అది రమీరోది. అప్పట్లో అతను ఎదుటి మిల్లు జట్టువాడు. ప్రాంతీయ జట్టుకి ఆటగాళ్లని ఏరే పెద్దలు ఆ రోజు అతన్ని చూడటానికే వచ్చారు, స్కోరులో ఆ ఎర్రర్ చూసి లేచి వెళ్లిపోయారు. తర్వాత ఈ ఊరి పిల్లనే చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఊరంతా 'చిల్లిచెయ్యి' అని పిలిస్తే అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

"అన్నా, అది నేను వదిలేసింది కాదా?" అని అడిగాడు రమీరో.

"కాదురా. రాయి లేపింది. దేవుడు దిగివచ్చినా పట్టలేడు."

"ఇన్నేళ్లూ చెయ్యి ఇలా పెట్టుంటే, అలా పెట్టుంటే అనుకుంటూనే ఉన్నాను. మా వాణ్ణి కూడా ఆడనివ్వలేదు, నా చేతులే వచ్చుంటాయని." రమీరో అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "రోజూ నీ పక్కనే కూర్చున్నాను కదన్నా."

చచ్చిపోయిన అన్న కోసం, ఎలాదియో కోసం నికనోర్ ఇన్నేళ్లు కుమిలాడు, బతికున్న ఈ మూడోవాడు ఒక్కసారీ గుర్తుకి రాలేదు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు రమీరో. "గట్టిగా. ఆ చివరి బెంచీవాళ్లకి వినపడలేదు."

నికనోర్ చెప్పాడు.

"ఇంకోసారి."

చెప్పాడు. మూడోసారి చెప్పి కూర్చోబోయాడు. రమీరో మాత్రం ఆగనివ్వలేదు.